మూత మీద నిప్పులు

సెప్టెంబర్ 5, 2025. శుక్రవారం

అయినా పని మానేసి వచ్చే మనిషికి గడియారం ఇస్తారు, లేదంటే శాలువా కప్పుతారు. నాకేమో పన్నెండు కిలోల ఇనుము చేతిలో పెట్టారు. అదీ పాసు కాని ఇనుము. ఇరవై రెండేళ్లు జడ్చర్ల దగ్గర ఆ ఫౌండ్రీలో ఇసుకలో అచ్చులు కొట్టి, కరిగిన ఇనుము పోసి, ఇలాంటి ముక్కాలి గిన్నెలు ఎన్ని వేలు తీశానో. వాటిని డబ్బాల్లో పెట్టి, పైన 'డచ్ ఓవెన్' అని కాగితం అంటించి, ఓడలెక్కించేవాళ్లు. ఎక్కడికి పోతాయో, వాటిలో ఎవరు ఏం వండుకుంటారో నేనెప్పుడూ అడగలేదు. ఈ రోజు ఆఖరి షిఫ్టు. యాభై ఆరు నిండినవాళ్లను ఇంటికి పొమ్మనడం వాళ్ల కొత్త పద్ధతి.

గిన్నె ఇచ్చింది వహీద్ భాయ్. చెకింగ్ సెక్షన్ ఆయనది. గిన్నె చెవి కింద సూదిమొనంత గుంట చూపించి, ఎర్ర సుద్దతో గుర్తు పెట్టి, "గిది ఓడ ఎక్కనీకి పనికిరాదు కురుమయ్యా. బస్సు ఎక్కుతది, తీస్కపో" అన్నాడు.

"గని మూతకు గీ అంచు ఎందుకు భాయ్? సోకుకా?"

"తౌబా! ఇరవై రెండేండ్ల సంది చేస్తున్నవ్, ఎర్క లేదా? నిప్పులు పోసుకోనీకి. కింద నిప్పులు, పైన నిప్పులు. దమ్ము! ఆరుబయట వండుకునే గిన్నె ఇది."

"నాకు పోసుడే ఎర్క, వండుడు ఎర్క లేదు."

బస్సులో ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. కండక్టర్ దానికి లగేజీ టికెట్ కొట్టాలా, మనిషి టికెట్ కొట్టాలా అని మమ్మల్నిద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఇంటికొస్తే నాగరాణి గడపలోనే ఆపింది.

"ఇంట్ల ఉన్న ముసలి ఇనుము సాలదా? ఇంకోటి తెచ్చినవ్?"

పెళ్లాం మాట. వంటింట్లోకి రానివ్వదట. దాన్నీ, నన్నూ. వాకిట్లో ఏమన్నా చేసుకో పొమ్మంది. వాకిట్లో జాగా అంటే గోడ పక్కనే. గోడ అవతల మా అన్న చెన్నయ్య ఇల్లు. రెండున్నరేళ్లుగా మాటల్లేవు. ఆ సంగతి ఇక్కడ రాయాల్సిన పని లేదు.

సెప్టెంబర్ 6

పొద్దున లేచి చూస్తే గిన్నె కాషాయం కట్టింది. ఒక్క రాత్రికే సన్యాసం.

తప్పు నాగరాణిది అనలేను. మొగుడు మురిపెంగా తెచ్చుకున్నాడు కదా అని, నాకు చెప్పకుండా చింతపండూ బూడిదా పెట్టి, ఇత్తడి బిందెను తోమినట్టు తోమి, కడిగి, తడిగానే బోర్లించింది. "తళతళ మెరుస్తదనుకున్న" అంది. మెరిసింది. నారింజ రంగులో.

పొద్దంతా తుప్పు రుద్దాను. పల్లినూనె పూసి, బోర్లించి, సర్కారు తుమ్మ కట్టెల మంట మీద కాల్చాను. మళ్లీ పూశాను, మళ్లీ కాల్చాను. మూడోసారికి నల్లగా నిగనిగలాడుతూ, అప్పుడే చెరువులోంచి లేచొచ్చిన బర్రెలా కూర్చుంది. ఇన్నేళ్లు నా చేతుల మీదుగా బూడిద రంగులో పోయిన గిన్నెలు ఇంత అందంగా తయారవుతాయని నాకేం తెలుసు! చుట్టూ తిరిగి నాలుగు దిక్కుల నుంచీ చూశాను. నాగరాణి నన్ను చూసింది.

పొగ గోడ దాటింది. అవతల అన్న దగ్గాడు. మూడుసార్లు. అది దగ్గో, మాటో తెలియలేదు.

సెప్టెంబర్ 8

మొదటి వంట! నాటుకోడి కూర. మా అమ్మ పోసినట్టే చిక్కగా చింతపులుసు పోశాను. మూత పెట్టి, మూత మీద నిప్పులు పోసి, గంటసేపు దాని ముందే గొంతుక్కూర్చున్నాను. మూత తీస్తే కూర లేదు. తారు ఉంది.

"రోడ్డేస్తవా ఏంది?" అంది నాగరాణి.

నోట్లో పెట్టుకుంటే మేకు చప్పరించినట్టుంది. వహీద్‌కు ఫోన్ చేశాను.

"కొత్త ఇనుంల పులుపేసినవా? పులుపు ఇనుమును తింటది. నువ్వు ఫౌండ్రీల పని చేసినవా, పోస్టాఫీసులనా?"

అయినా నాగరాణి ఒక చిప్పెడు గోడ దాటించింది. మా వదిన గుర్వమ్మా, నాగరాణీ సొంత అక్కచెల్లెళ్లు. అన్నదమ్ములం మాట బంద్ పెట్టినా వాళ్ల చిప్పలు గోడ మీదుగా తిరుగుతూనే ఉంటాయి. సాయంత్రం వదిన చిప్ప తిరిగిచ్చింది.

"కుక్కకేసిన. జర వాసన జూసి, నా మొకం జూసి, ఎల్లిపోయింది."

అన్న రుచి చూశాడా అని నేను అడగలేదు. చిప్పలో వేలు పెట్టిన గుర్తు ఉందేమోనని మాత్రం చూశాను. లేదు.

సెప్టెంబర్ 11

వాన. గిన్నెకు నూనె పూసి మంచం కింద పెట్టాను. నాగరాణి చూసి, తన దిండు వంటింట్లోకి మార్చుకుంది.

సెప్టెంబర్ 14. ఆదివారం

సర్వపిండి! సర్వపిండి! సర్వపిండి!

పిండి నాగరాణి కలిపిచ్చింది. బియ్యప్పిండి, నానిన శనగపప్పు, నువ్వులు, దంచిన పల్లీలు, ఉల్లికాడలు, కారం. నేను గిన్నె అడుగుకూ పక్కలకూ నూనె రాసి, పిండి పలుచగా వత్తి, వేలితో బొక్కలు పెట్టి, ఒక్కో బొక్కలో ఒక్కో చుక్క నూనె వేశాను. మామూలుగా పొయ్యి మీద కాలిస్తే కింద కరకరలాడుతుంది, పైన మెత్తగా ఉంటుంది. కానీ మనకు మూత మీద అంచుంది కదా! కింద ఒక పాలు నిప్పులు, పైన రెండు పాళ్లు. అది వహీద్ చెప్పిన లెక్క. కాసేపటికి మూత సందులోంచి కమ్మటి వాసన. గిన్నెను బోర్లిస్తే సర్వపిండి చెక్కుచెదరకుండా, ఎర్రగా, రెండు పక్కలా ఎండుటాకులా కరకరమంటూ పళ్లెంలో పడింది.

పైన కూడా కరకర! ఇన్నేళ్ల నా జీవితంలో సర్వపిండికి రెండు మొహాలుంటాయని ఎవరూ చెప్పలేదు.

నాగరాణి తనే చెయ్యి చాచి రెండో ముక్క తీసుకుంది. ముప్పై మూడేళ్ల కాపురంలో నాకు దొరికిన పెద్ద బిరుదు అదే.

సగం గోడ దాటింది. పళ్లెం ఖాళీగా వచ్చింది.

"నేనే తిన్న. మీ అన్న ముట్టలే" అంది వదిన.

వదినకు కింది పళ్లు నాలుగు లేవు. జొన్నరొట్టె కూడా పాలలో నానబెట్టుకుని తింటుంది. మరి ఆ అంచు ముక్కలు ఎవరు కొరికినట్టు? నాకు సంబంధం లేదు. ఊరికే అనుకున్నాను.

సెప్టెంబర్ 17

మక్కకంకులు పొట్టుతోనే పెట్టి మూతేశాను. తేనెలా అయ్యాయి. నాగరాణి కంకి కొరుకుతూ అడిగింది.

"ఎవరి కోసమయ్యా గింత తండ్లాట?"

"నా కోసమే."

"మరి మాటిమాటికి గోడ దిక్కు ఎందుకు చూస్తున్నవ్?"

"గాలి ఎటు కొడుతున్నదో చూస్తున్న."

"గాలి లేదు."

సెప్టెంబర్ 19

రాయనన్నాను. కానీ ఈ డైరీ చదివేది నేనొక్కడినే. నా దగ్గర దాచి ఏం లాభం.

మా ఊళ్లో ఏ దావత్ అయినా మాంసం మా అన్నే వండాలి. పైసలు తీసుకోడు. ఒక తువ్వాల కప్పితే చాలు. తెల్లవారకముందే పొయ్యి తవ్వి, మసాలా తన చేత్తోనే నూరి, ఆఖరి మనిషి చెయ్యి కడుక్కునేదాకా తాను ముద్ద ముట్టడు. రెండున్నరేళ్ల కింద నా మనవడి పుట్టెంట్రుకల దావత్ కూడా ఆయనే వండాడు. మూడో బంతికి పులుసు పలచనైంది. నేను బంతి మధ్యలో నిలబడి, "అన్నా, జూరాల డ్యాం గేట్లు ఎన్ని ఎత్తినవే? ముక్కలన్నీ శ్రీశైలం దిక్కు కొట్టుకపోయినయి!" అన్నాను.

బంతి బంతంతా పడీ పడీ నవ్వింది. మంచి జోకు. ఇప్పటికీ అంటాను, మంచి జోకే.

అన్న గరిటె కూర డేగిసా మీద అడ్డంగా పెట్టి ఇంటికి పోయాడు. మరునాటి నుంచి ఊళ్లో ఆయన పేరు జూరాల చెన్నయ్య. బడి పిల్లలు కూడా అదే పేరు. ఆ తర్వాత ఆయన ఏ దావత్‌కూ గరిటె పట్టలేదు. నాతో మాట్లాడలేదు.

జనం ఎక్కువొచ్చారు. పులుసు పలచనైంది. నేను నవ్వించాను. ఎంతమంది వస్తారో ముందే ఎవరికి తెలుస్తుంది? ఇందులో నా తప్పేముంది?

సెప్టెంబర్ 21. పెత్రమాస

పెద్దల అమావాస్య కదా, నాయిన పేరు మీద బియ్యం ఇచ్చాం. నేను మా ఇంట్లో, అన్న వాళ్లింట్లో. నాయిన ఒక్కడే కదా. ఏ ఇంటికి ముందు పోయి ఉంటాడు?

సెప్టెంబర్ 23

ఈ రోజు ఒక వింత జరిగింది. మాంసం కూరకు ఉల్లిగడ్డ వేయిస్తున్నాను. గోడ అవతల అన్న బర్రెకు కుడితి పెడుతున్నాడు. ఉన్నట్టుండి గట్టిగా బర్రెతో అంటున్నాడు.

"ఉల్లిగడ్డ ఎర్రగ గాకముందే ముక్క ఏస్తే పచ్చి వాసనొస్తది. తెల్సినాదే నీకు? గింత పెద్దగ పెరిగినవ్, గదిగూడ తెల్వదు."

బర్రెకు ఉల్లిగడ్డ సంగతి చెప్పే మనిషిని మొదటిసారి విన్నాను. చేతిలో మాంసం చిప్ప పట్టుకుని, ఉల్లిగడ్డ ఎర్రబడేదాకా ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. కాసేపటికి మళ్లీ.

"ఉప్పు ముందే ఏస్తే ముక్క గట్టిపడ్తది. వినపడ్తాందా?"

బర్రె అరిచింది. నేను ఉప్పు పక్కన పెట్టాను.

సెప్టెంబర్ 24

నిన్నటి కూర! ముక్క వేలితో నొక్కితే విడిపోయింది. చిప్ప గోడ దాటి పోయింది. ఈ పొద్దున తిరిగొచ్చింది, తోమాల్సిన పని లేనంత శుభ్రంగా. వదిన మొహం నిండా నవ్వు.

"మీ అన్న 'ఉప్పు సరిపోయింది' అన్నడు."

"నీతోనా?"

"నాతో ఎందుకంటడు? బర్రెతో."

ఉప్పు సరిపోయింది. ఉప్పు సరిపోయింది! వహీద్‌కు ఫోన్ చేసి చెప్పాను. "ముబారక్. గిప్పుడు మాకు తినిపించు" అన్నాడు. ఆదివారం రమ్మన్నాను. చాయ్ హోటల్లో ఇంకో ఇద్దరు ముగ్గురికి కూడా చెప్పాను. సంతోషం ఆగక.

సెప్టెంబర్ 26

మూడు రోజులుగా ఒకటే వాన. గొడుగు పట్టుకుని వాకిట్లో కూర్చుని పప్పు వండాను. గొడుగు నాకు కాదు, నిప్పులకు. నేను పూర్తిగా తడిశాను. పప్పు అద్భుతం. బర్రెతో మా అన్న చెప్పిన మాట: "వానల గూడ వండుతున్నడు, పిచ్చోడు." పిచ్చోడు అంటే నేనే. బర్రె కాదు. బర్రె ఆడది.

సెప్టెంబర్ 28. ఆదివారం

నాగరాణికి ఐదుగురు వస్తారని చెప్పాను. పదకొండు మంది వచ్చారు. అందరినీ నేనే పిలిచానట. పిలిచే ఉంటాను. ఎవరినెవరిని పిలిచానో గుర్తు లేదు.

గిన్నెలో కిలోన్నర మాంసం ఉంది. పదకొండు పళ్లాలు చూసి, గరిటె తిప్పి ముక్కలు లెక్కపెట్టాను. నాగరాణి నా చెవిలో, "ఏం జేస్తవిప్పుడు?" అంది. చెంబు తీసుకుని వేడినీళ్లు పోశాను. ఒక చెంబు. తర్వాత ఇంకో చెంబు. ఎర్రటి పులుసు కళ్ల ముందే తెల్లబడింది. మూడో చెంబు సగం నిప్పుల్లో పడింది.

వహీద్ తిన్నాడు, బాగుందన్నాడు. ఆయన మంచివాడు. కొలిమి దగ్గర పనిచేసిన మా ఊరి వెంకటయ్య మాత్రం అన్నంలో గుంట చేసుకుని, పులుసు పోసుకుని, అందరికీ వినబడేలా అన్నాడు.

"మీ ఇంటిపేరే జూరాలోళ్లు గదనే! పులుసుకేం కొదువ?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అందరికంటే గట్టిగా.

గోడ అవతల బకెట్ చప్పుడు ఆగింది. తర్వాత తలుపు వేసిన చప్పుడు.

సెప్టెంబర్ 29

బర్రె ఒక్కటే అరుస్తోంది. దానితో ఎవరూ ఏమీ మాట్లాడటం లేదు.

సెప్టెంబర్ 30. సద్దుల బతుకమ్మ

నాగరాణీ వదినా కలిసి పేర్చిన బతుకమ్మను ఎత్తుకుని పోయారు. పోయే ముందు నాగరాణి నా వైపు చూసి, "నవ్వించుడు అయింది గదా. ఇగ ఒక్కనివే కూసోని నవ్వుకో" అంది. ఇంట్లో నేనొక్కడినే. గిన్నె జోలికి పోలేదు.

పందొమ్మిదో తారీఖు రాసింది మళ్లీ చదివాను. అందులో ఒక మాట రాయలేదు. ఇప్పుడు రాస్తాను.

దావత్‌కు వారం ముందు అన్న నన్ను కూర్చోబెట్టి అడిగాడు. "తమ్మీ, ఎంతమందిరా? ఖచ్చితంగ చెప్పు. మాంసం దాన్ని బట్టే తేవాలె." నూట యాభై అన్నాను. ఆ తర్వాత షిఫ్టులో, బస్టాండులో, చాయ్ హోటల్లో కనబడ్డ ప్రతి మనిషినీ పిలిచాను. నాకు పిలవడం ఇష్టం. పిలిచినప్పుడు మనుషుల మొహాలు వెలుగుతాయి. రెండు వందలు దాటి ఉంటారు. అన్నకు మాత్రం చెప్పలేదు. ఎలాగో అయిపోతుందిలే అనుకున్నాను. అన్న ఉన్నాడు కదా అనుకున్నాను.

మూడో బంతి కూర్చోకముందే ఆయన నన్ను పక్కకు పిలిచాడు. "ఇంకా ఎంతమందిరా?" అన్నాడు. "వస్తరు తియ్, కానియ్" అని నవ్వాను. ఆయన డేగిసా వైపు చూశాడు, వాకిట్లో నిలబడ్డ జనం వైపు చూశాడు, నా వైపు చూశాడు. నీళ్ల బిందె ఎత్తి పోశాడు. తన వంట చెడిపోతుందని తెలిసి పోశాడు. నేను పిలిచిన మనిషి నా వాకిట్లోంచి ఖాళీ కడుపుతో పోకూడదని పోశాడు.

బంతిలో ఎవరో "పులుసు పలచగున్నదేందీ" అన్నారు. అందరూ నా వైపు తిరిగారు. నేను పిలిచిన వాళ్లే. తప్పు నా మీదికి వస్తోందని నాకు ఆ క్షణంలోనే తెలుసు. అందుకే తొందరగా నవ్వించాను. అందరి కళ్లూ అన్న వైపు తిరిగాయి.

మొన్న నేను మూడో చెంబే సరిగా పోయలేకపోయాను. ఆయన బిందె ఎత్తాడు.

మంచి జోకు అని రాసుకున్నాను. కొట్టేశాను.

అక్టోబర్ 1

రేపు దసరా, రేపే గాంధీ జయంతి. రేపు కత్తి లేవకూడదు కాబట్టి గొర్లు కాసే గోపయ్య ఈ సాయంత్రమే నాలుగు పొట్టేళ్లు కోశాడు. ఎప్పటిలాగే తాటాకుల మీద పోగులు పెట్టి, కాగితం చూసి పేర్లు పిలుస్తున్నాడు. ఊరు ఊరంతా సంచులు పట్టుకుని నిలబడి ఉంది. నా సంచి కూడా.

"జూరాల చెన్నయ్య, రెండు పోగులు!"

ఎవరో నవ్వారు. వదిన సంచి పట్టుకుని ముందుకొస్తోంది, తల వంచుకుని. అన్న రెండున్నరేళ్లుగా పోగుల దగ్గరికి రాడు, ఆమెనే పంపుతాడు. ఎందుకో నాకు ఇప్పుడే తట్టింది.

"ఆగు గోపయ్యా" అన్నాను. "గా పేరు తప్పు రాసినవ్."

"ఏం తప్పు? ఊరంత గదే అంటది గదా."

"గా పేరు పెట్టింది నేనే గదా, నేనే తీసేస్తున్న. ఇగో, అందరు వినుండ్రి. మా మనవని దావత్‌కు నూట యాభై మందని అన్నకు చెప్పిన. రెండు వందలకు మీద పిలిచిన. ఇక్కడున్నోళ్లల్ల సగంమంది చెప్పకుండ పిలిచినోళ్లే. మిమ్మల్ని ఉపాసం పంపియ్యొద్దని ఆయన నీళ్లు పోసిండు. గేట్లు ఎత్తిచ్చింది నేను. జూరాల అని ఎవర్నన్న పిలవాల్నంటే నన్ను పిలువుండ్రి."

ఎవరూ నవ్వలేదు. యాభై ఆరేళ్లలో నేను మాట్లాడితే ఎవరూ నవ్వకపోవడం అదే మొదలు. గోపయ్య పెన్సిల్ చెవిలోంచి తీసి, నాలుకకు తడి చేసుకుని, కాగితం మీద ఏదో కొట్టేసి, ఏదో రాశాడు. గొంతు సవరించుకున్నాడు.

"చెన్నయ్య, రెండు పోగులు! ... జూరాల కురుమయ్య, ఒక్క పోగు!"

అప్పుడు నవ్వారు! అమ్మో, ఏం నవ్వు! వెంకటయ్య నా వీపు మీద చరిచాడు. "నీకే నప్పిందిరా!" అన్నాడు. నేను చెయ్యెత్తి, "ఆ, హాజర్!" అన్నాను. వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో చూడలేదు. ఇంటికొచ్చేలోపు ముగ్గురు పిల్లలు నన్ను కొత్త పేరుతో పిలిచారు. ముగ్గురికీ పలికాను. ఒక మనిషికి ఇంత తేలికగా ఉంటుందా!

నాగరాణి మాంసం ఫ్రిజ్‌లో పెట్టి, గోడ దగ్గరికి పోయి, అక్కతో గుసగుసలాడి వచ్చింది.

"ఏమన్నడట?" అన్నాను.

"అంతా విన్నడట. మంచినీళ్లడిగిండట."

"తాగిండా?"

"రెండు చెంబులు."

అక్టోబర్ 2. దసరా

పొద్దున్నే నిప్పులు చేశాను. నాగరాణి స్నానం చేసి పూజ దగ్గర కూర్చుంది. మాంసం రాత్రంతా పెరుగులో, అల్లంలో నానింది. ఉల్లిగడ్డ ఎర్రగా వేయించాను, బర్రెకు చెప్పినంత ఎర్రగా. మాంసం వేసి, పైన సగం ఉడికిన బియ్యం పరిచి, పుదీన చల్లి, మూత అంచు చుట్టూ పిండి ముద్ద అంటించి మూసేశాను. ఈ గిన్నెలో మొదటి బిర్యానీ. ఈ రోజు నలుగురికే. నలుగురినీ నేను లెక్కపెట్టాను. రెండుసార్లు. మా ఇద్దరూ, అన్నా వదినా. వాళ్లు వస్తారని ఎవరూ చెప్పలేదు. వాళ్లను ఎవరూ పిలవలేదు కూడా. పిలవడం అంటే అంత ఇష్టపడే మనిషిని, ఈ ఒక్క పిలుపు దగ్గరే ఆగిపోయాను.

సాయంత్రం జమ్మి ఆకు చేతిలో పెట్టి కాళ్లు మొక్కేటప్పుడు ఏం చెప్పాలో ఇక్కడ రాసి చూసుకుంటున్నాను.

అన్నా, తప్పయింది. — బాగానే ఉంది. పొట్టిగా ఉంది.

అన్నా, ఆ రోజు నేను నూట యాభై అని చెప్పి — అది నిన్ననే ఊరంతా విన్నది. మళ్లీ చెబితే గొప్పలు చెప్పుకున్నట్టుంటుంది.

అన్నా, నీ పేరు నేను తీసుకున్న, నా పోగు నువ్వు తీస్కో. — ఇది జోకు. కొట్టేశాను.

అన్నా, నువ్వు లేక నాకు కూర కుదురుతలేదు. — ఇది నిజం. ఉప్పు సరిపోయిందని నువ్వన్నాక మూడు రోజులు నిద్ర పట్టలేదని కూడా చెప్పాలి. నువ్వు మళ్లీ గరిటె పట్టాలి. నేను కట్టెలు కొడతాను, నిప్పులు మోస్తాను, జనాన్ని లెక్కపెడతాను. నోరు మూసుకుని ఉంటాను. ఉండగలనా? ప్రయత్నం చేస్తాను అని రాయాలి.

ఇంత రాసేసరికి నాకే కళ్లు మండుతున్నాయి. నిప్పుల పొగ ఇంట్లోకి వస్తున్నట్టుంది. కొంచెం ఎక్కువే వస్తోంది. ఏదో వాసన కూడా.

గోడ అవతల బకెట్ దబ్బున కింద పెట్టారు.

"ఓ కురుమా!"

ఇది వదిన గొంతు కాదు. బర్రెతో మాట్లాడే గొంతు కూడా కాదు.

"ఓ కురుమా! ఏడ సచ్చినవ్‌రా? అడుగు మాడుతాంది! కింది నిప్పులు గుంజు! ముక్కు లేదార నీకు? ఆగాగు, మూత ముట్టకు, ఆవిరి పోతది, నేనొస్తున్న, నువ్వేం ముట్టకు—"

వస్తున్నా అన్నా అని అరిచాను, చెయ్యి మాత్రం ఇంకా రాస్తూనే ఉంది, అన్న గోడెక్కుతున్నట్టున్నాడు, అరవై దాటిన మనిషి, గేటు ఉంది కదా, పడతాడేమో, నేను పోయి చెయ్యి